సందేశ్ ఝింగన్ కెరీర్, డిఫెండర్ పని, కెప్టెన్ బాధ్యత: బరంపురం వైపు తెలుగిళ్లలో తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురంలో సాయంత్రం పూట పిల్లల చేత ఫుట్‌బాల్ ఆడిస్తుంటాను. తెలుగిళ్ల పిల్లలే ఎక్కువ. వాళ్లు నీళ్లు తాగుతూ అడిగేవి, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి పెద్దవాళ్లు ఫోన్ చేసి అడిగేవి కలిపి ఇక్కడ పెట్టాను. సగం ప్రశ్నలు సందేశ్ ఝింగన్ దగ్గరే మొదలవుతాయి కాబట్టి అతని కథనే పట్టుకుని జవాబులు చెప్పాను.

ఈ ఝింగన్ ఎవరు?

భారత ఫుట్‌బాల్ జట్టు సెంటర్ బ్యాక్, అంటే గోల్ ముందు మధ్యలో నిలబడి కాపు కాసే డిఫెండర్. 1993 జులై 21న చండీగఢ్‌లో పుట్టాడు. ఆరడుగుల పైన ఎత్తు, గడ్డం, వెనక్కి కట్టిన జుట్టు. టీవీలో ఒక్కసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. 2015 మార్చిలో గువాహటిలో నేపాల్ మీద ప్రపంచకప్ క్వాలిఫయర్‌తో జాతీయ జట్టులోకి వచ్చాడు. కేరళ బ్లాస్టర్స్‌కి కెప్టెన్‌గా చేశాడు, దేశానికీ కొన్ని మ్యాచ్‌ల్లో చేశాడు. 2020లో అర్జున అవార్డు వచ్చింది. 2020–21కి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య (ఏఐఎఫ్‌ఎఫ్) అతన్ని ఆ ఏటి ఉత్తమ ఆటగాడిగా ఎంపిక చేసింది. గోల్స్ కొట్టేవాళ్లకి కాకుండా ఆపేవాడికి ఆ అవార్డు రావడం నాకు మహా ఇష్టమైన సంగతి.

మొదట్నుంచీ పెద్ద క్లబ్బుల్లోనే ఆడాడా?

ఎక్కడిది! మొదటి ప్రొఫెషనల్ క్లబ్ యునైటెడ్ సిక్కిం. 2011లో చేరినప్పుడు అది రెండో డివిజన్‌లో ఉంది. చండీగఢ్ కుర్రాడు గ్యాంగ్‌టక్ వెళ్లి మొదలుపెట్టాడన్నమాట. తర్వాత కొన్నాళ్లు ముంబై ఎఫ్‌సీ. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) మొదలైనప్పుడు కేరళ బ్లాస్టర్స్ తీసుకుంది, ఆ మొదటి సీజన్‌లోనే వర్ధమాన ఆటగాడి అవార్డు ఇచ్చారు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఆ రోజుల్లో ఐఎస్‌ఎల్ అక్టోబర్‌లో మొదలై డిసెంబర్‌కి అయిపోయేది. మిగతా నెలలు ఖాళీ. అందుకని దేశంలోని ఇంకో పెద్ద లీగ్ ఐ-లీగ్ ఆడటానికి స్పోర్టింగ్ గోవా, డీఎస్‌కే శివాజియన్స్, బెంగళూరు ఎఫ్‌సీ అంటూ ఏడాదికో క్లబ్బుకి లోన్ మీద (కొన్ని నెలలకి అరువుగా) వెళ్లేవాడు. కొత్త ఊరు, కొత్త కోచ్, పక్కన ఆడే డిఫెండర్ కొత్త. కుదురుగా ఒకచోట ఉండి నేర్చుకునే వీలు డిఫెండర్‌కి దొరకడం అదృష్టం, అతనికి మొదట్లో అది దొరకలేదు. అయినా 2017–18కి బ్లాస్టర్స్ కెప్టెన్ అయ్యాడంటే, వెళ్లిన ప్రతిచోటా ఏదో ఒకటి నేర్చుకుని ఉంటాడనే నేననుకుంటాను.

ఒడిశాతో అతనికి ఏమైనా సంబంధం ఉందా?

పుట్టుక, చదువు పరంగా ఏమీ లేదు. కప్పుల పరంగా మాత్రం ఒడిశా అతనికి కలిసొచ్చిన నేల. 2017 మేలో కటక్ బారాబతి స్టేడియంలో జరిగిన ఫెడరేషన్ కప్ ఫైనల్లో బెంగళూరు ఎఫ్‌సీ మోహన్ బగాన్‌ని 2–0తో ఓడించింది. అప్పుడు అతను బెంగళూరు ఆటగాడు. 2023 జూన్ 18న భువనేశ్వర్ కళింగ స్టేడియంలో భారత్ లెబనాన్‌ని 2–0తో ఓడించి ఇంటర్‌కాంటినెంటల్ కప్ గెలిచింది. 2025 మే 3న అదే కళింగలో ఎఫ్‌సీ గోవా 3–0తో జంషెడ్‌పూర్ మీద సూపర్ కప్ గెలిచింది, అప్పుడతను గోవా ఆటగాడు.

దీనికి ఎదురుగా ఇంకొకటి కూడా చెప్పాలి. 2023 ఏప్రిల్‌లో మన ఒడిశా ఎఫ్‌సీ సూపర్ కప్ గెలిచింది కోళికోడ్‌లో, 2–1తో, బెంగళూరు మీద. ఆ సీజన్‌లో ఝింగన్ బెంగళూరు వాడే. మా పిల్లలు ఆ మ్యాచ్‌లో ఎవరి వైపు ఉండాలో తేల్చుకోలేక కొట్టుకున్నారు.

గోల్ కొట్టని వాడికి ఇంత పేరేమిటి? అసలు డిఫెండర్ చేసే పని ఏమిటి?

తండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. బంతి వస్తే గట్టిగా బయటికి తన్నేయడమే కదా అంటారు.

మా గ్రౌండ్‌లో జరిగేది చెబితే సులువుగా అర్థమవుతుంది. పదమూడేళ్ల కుర్రాడొకడు స్టాపర్‌గా ఆడతాడు. మొదట్లో వాడి కళ్లు బంతి మీదే ఉండేవి. బంతి కుడివైపు వెళ్తే తల అటే తిరిగిపోయేది. ఎడమ భుజం వెనక నుంచి ఎదుటి జట్టు వాడు మెల్లగా జారుకుని పెనాల్టీ ఏరియాలోకి వెళ్లిపోయేవాడు. పక్క నుంచి గోల్ ముందుకి బంతి (క్రాస్) వచ్చేది, వాడు తల ఆనించేవాడు, గోల్. మా వాడు గోల్‌కీపర్ మీద అరిచేవాడు. ఇప్పుడు చేసే సాధన ఒక్కటే: బంతి దూరంగా ఉన్నంతసేపూ రెండు మూడు సెకన్లకోసారి భుజం మీదుగా వెనక్కి చూడాలి. ఛాతీ బంతి వైపు కాదు, బంతీ మనిషీ ఇద్దరూ కనబడేలా కాస్త ఏటవాలుగా తిప్పి నిలబడాలి. మడమలు నేలకి ఆనకూడదు. అంతే. ఇంత చిన్న మార్పుకి చాలా వారాలు పట్టింది. ఇప్పుడు వాడు ట్యాకిల్స్ తక్కువ చేస్తాడు, గోల్స్ కూడా తక్కువ పడతాయి.

మంచి డిఫెండర్ నేల మీద జారి బంతి లాక్కుంటే జనం చప్పట్లు కొడతారు. కానీ జారాల్సి వచ్చిందంటే చాలాసార్లు అంతకు ముందే ఎక్కడో ఒక అడుగు తప్పు పడిందని అర్థం. ఝింగన్ ఆటలో తల పెట్టి క్లియర్ చేయడం, దూకి అడ్డం పడటం బాగా కనిపిస్తాయి. కనబడనిది లైన్ పట్టుకోవడం. నలుగురు డిఫెండర్లు ఒకే గీత మీద ముందుకీ వెనక్కీ కదలాలి, ఒక్కడు వెనకబడినా ఎదుటివాడు ఆఫ్‌సైడ్ కాడు (డిఫెండర్లని దాటి ముందే నిలబడిన తప్పు కింద పట్టుబడడు). ఆ గీతని కదిలించే గొంతు సెంటర్ బ్యాక్‌ది.

2019 సెప్టెంబర్‌లో దోహాలో ఖతార్‌తో 0–0 మ్యాచ్ దొరికితే చూడండి. అప్పటికి ఖతార్ ఆసియా ఛాంపియన్. మామూలుగా కెప్టెన్‌గా ఉండే సునీల్ ఛెత్రి ఆడలేదు, గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ కెప్టెన్. ఆ రాత్రి మన వెనక లైన్ చేసిన పని నేను పిల్లలకి మళ్లీ మళ్లీ చూపిస్తుంటాను. గోల్ లేని మ్యాచ్ అంటే మొదట మొహం మాడ్చుకుంటారు, పావుగంట అయ్యాక ఎవరూ కదలరు.

పెనాల్టీ ఏరియాలో ఎదుటివాణ్ణి పడగొడితే రెడ్ కార్డేనా?

ఖాయంగా గోల్ అయ్యే అవకాశాన్ని అడ్డుకున్నా, నిజంగా బంతి కోసమే ప్రయత్నించి తప్పు చేస్తే పెనాల్టీతో పాటు ఎల్లో. చొక్కా పట్టుకు లాగినా, చేత్తో తోసినా రెడ్డే. 2016 నుంచి నిబంధన ఇలా ఉంది. చేతులు అదుపులో పెట్టుకోమని అందుకే చెబుతాం.

కెప్టెన్‌కి ఎక్కువ అధికారం ఉంటుందా?

రూల్ పుస్తకం ప్రకారం ప్రత్యేక హోదా ఏదీ లేదు. జట్టు ప్రవర్తనకి కొంత బాధ్యత ఉంటుందని మాత్రమే రాసి ఉంటుంది. చేతికి పట్టీ కట్టుకోవాలి, టాస్‌కి వెళ్లాలి. ఈమధ్య కొన్ని టోర్నీల్లో రిఫరీ దగ్గరికి వెళ్లి మాట్లాడే వీలు కెప్టెన్‌కి మాత్రమే ఇస్తున్నారు. 2024 యూరో కప్‌లో అలాగే చేశారు. మిగతావాళ్లు చుట్టుముడితే ఎల్లో కార్డ్.

ఝింగన్ విషయానికొస్తే, 2018 అక్టోబర్ 13న చైనాలోని సూజౌలో చైనాతో జరిగిన ఫ్రెండ్లీలో కోచ్ స్టీఫెన్ కాన్‌స్టంటైన్ పట్టీ అతనికి ఇచ్చాడు. ఛెత్రి జట్టులో ఉండగానే ఇచ్చాడు. మ్యాచ్ 0–0. చైనా సొంతగడ్డ మీద డిఫెండర్ కెప్టెన్‌కి అంతకంటే చక్కని స్కోరు ఏముంటుంది?

కెప్టెన్ అంటే ఎప్పుడూ అరుస్తుండాలా? మా అబ్బాయి మాట్లాడడు.

అరవడం వేరు, చెప్పడం వేరు. "ఏం ఆడుతున్నావురా" అనేది అరుపు. దానివల్ల అవతలివాడికి తెలిసేదేమీ లేదు. "వెనకాల మనిషి", "టైముంది", "ఎడమకి జరుగు", "లైన్ పైకి" ఇవి చెప్పడం. రెండు మాటలు దాటకూడదు. బంతి అందుకోకముందే చెవిలో పడాలి.

మా దగ్గర ఇదో తమాషా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, మొబైల్లో హిందీ. జట్టులో ఒకడు "వెనకాల" అంటాడు, ఇంకొకడు "పఛరె" అంటాడు, ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన రైల్వే వాళ్లబ్బాయి "పీఛే" అంటాడు. మొదట్లో ఒకే భాషలో చెప్పుకోమని పట్టుబట్టాం, కుదర్లేదు. టెన్షన్‌లో ఎవడి నోటికి ఏది వస్తే అదే. ఇప్పుడు మాటలు కాదు, ముందు పేరు పెట్టి పిలవమంటున్నాం. పేరు వినబడితే తల తిరుగుతుంది, మిగతాది ఏ భాషైనా ఫర్వాలేదు. మూడూ అర్థమయ్యే పిల్లలు మన సరిహద్దు జిల్లాల్లోనే దొరుకుతారు. చండీగఢ్ వాడు కొచ్చిలో కెప్టెన్‌గా చేసినప్పుడు జట్టులో మలయాళీలు, ఈశాన్యం వాళ్లు, విదేశీయులు అందరూ ఉన్నారు. మన వాళ్లకి ఆ సాధన ఇంటి గుమ్మంలోనే మొదలవుతోంది, దాన్ని తక్కువగా చూడకండి.

మాట్లాడని పిల్లాడిని బలవంతపెట్టొద్దు. మొదట గోల్ కిక్ అప్పుడు మాత్రమే లైన్ పిలవమనండి. మెల్లగా వస్తుంది.

ఝింగన్‌కి మోకాలి దెబ్బ తగిలిందంటారు. మా వాడికీ అలా అయితే?

2019 అక్టోబర్‌లో జాతీయ జట్టు ఆడిన ప్రాక్టీస్ మ్యాచ్‌లో మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంట్ తెగింది. ఆపరేషన్ అయింది. 2019–20 సీజన్ మొత్తం పోయింది. 2020 మేలో బ్లాస్టర్స్‌తో ఆరేళ్ల బంధం కూడా ముగిసింది. వెళ్లేటప్పుడు క్లబ్ అతని 21 నంబర్ జెర్సీని ఇంకెవరికీ ఇవ్వబోమని ప్రకటించింది. ఆ సెప్టెంబర్‌లో ఏటీకే మోహన్ బగాన్‌లో చేరాడు. ఏడాది పైగా మ్యాచ్ ఆడని మనిషి నేరుగా వచ్చి ఆ సీజన్ ఫైనల్ దాకా వెనక లైన్ మోశాడు. నేను మొదట చెప్పిన ఉత్తమ ఆటగాడి అవార్డు ఆ ఏడాదిదే. 2024 జనవరిలో ఆసియా కప్‌లో సిరియాతో మ్యాచ్‌లో మళ్లీ మోకాలికే దెబ్బ, మళ్లీ నెలల తరబడి విరామం, మళ్లీ వెనక్కి రావడం.

ఏసీఎల్ తెగితే ఎవరో తోయాలని లేదు. పరుగులో ఒక్కసారిగా ఆగి పక్కకి తిరిగేటప్పుడు పాదం నేలకి అంటుకుని మోకాలు మాత్రం తిరిగిపోతే చాలు. "టప్" మని వినిపించిందని చాలామంది చెబుతారు. కొన్ని గంటల్లోనే వాచిపోతుంది. మన దగ్గర చేసే పెద్ద పొరపాటు నూనె రాసి మర్దన చేయించడం, వాపు తగ్గగానే గ్రౌండ్‌కి పంపడం. నడవగలుగుతున్నాడు కదా అని ఆడిస్తే లోపల మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా పోతుంది. ఎముకల డాక్టర్‌కి చూపించి, అవసరమంటే ఎంఆర్ఐ తీయించండి. ఆపరేషన్ తర్వాత ఆటకి రావడానికి ఎంత లేదన్నా ఆరు నుంచి తొమ్మిది నెలలు, చాలామందికి ఇంకా ఎక్కువ. ఎదిగే పిల్లలకి తొందర అసలు పనికిరాదు.

ముందు జాగ్రత్త ఖర్చు లేనిది. వారానికి కనీసం రెండుసార్లు సాధనకి ముందు ఓ ఇరవై నిమిషాలు: మెల్లగా పరుగు, ఒంటికాలి మీద నిలబడటం, ఎగిరి మోకాళ్లు లోపలికి వంగకుండా దిగడం, తొడ వెనక కండరాలకి వ్యాయామం. పిల్లలకి ఇది విసుగు. మా వాళ్లు అప్పటికప్పుడు లేసులు కట్టుకోవడం మొదలుపెడతారు.

విదేశాల్లో కూడా ఆడాడా?

వెళ్లాడు. 2021 ఆగస్టులో క్రొయేషియా మొదటి డివిజన్ క్లబ్ హెచ్‌ఎన్‌కే షిబెనిక్‌లో చేరాడు. చేరీ చేరగానే గాయం. ఒక్క పోటీ మ్యాచ్ కూడా ఆడకుండా 2022 జనవరిలో ఏటీకే మోహన్ బగాన్‌కే తిరిగొచ్చేశాడు.

ఫైనల్స్‌లో ఎప్పుడూ ఓడిపోతాడట, నిజమా?

ఐఎస్‌ఎల్ వరకూ అతని క్లబ్బుల రాత అలాగే ఉంది. బ్లాస్టర్స్‌లో ఉండగా 2014, 2016 ఫైనల్స్, రెండూ కోల్‌కతా జట్టు ఏటీకే చేతిలో. ఆ తర్వాత తనే ఏటీకే మోహన్ బగాన్‌లో చేరితే 2021లో ముంబై సిటీ 90వ నిమిషంలో గోల్ కొట్టి గెలిచింది. బెంగళూరుకి మారాక 2023లో పెనాల్టీల్లో ఓడించింది ఎవరనుకున్నారు? తను వదిలొచ్చిన ఏటీకే మోహన్ బగానే. వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. అయితే 2022లో బెంగళూరుతో డ్యూరండ్ కప్, 2023లో దేశానికి శాఫ్ కప్ (దక్షిణాసియా దేశాల టోర్నీ) ఉన్నాయి. ఒడిశాలో గెలిచినవి పైన చెప్పాను.

నోరు జారిన గొడవ ఒకటుందిగా?

ఉంది. 2022 ఫిబ్రవరిలో బ్లాస్టర్స్‌తో 2–2 డ్రా అయ్యాక, ఆడవాళ్లతో మ్యాచ్ ఆడొచ్చాం అన్నట్టు మాట్లాడాడు. అది కెమెరాలో పడింది. ఒకప్పుడు అతన్ని నెత్తిన పెట్టుకున్న కేరళ అభిమానులే మండిపడ్డారు. బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. మా గ్రౌండ్‌లో అమ్మాయిలు కూడా ఆడతారు కాబట్టి ఈ సంగతి దాచను. కెప్టెన్ మాట మైదానం బయట కూడా కెప్టెన్ మాటే.

మన తెలుగు నేల నుంచి ఇలాంటి డిఫెండర్, కెప్టెన్ ఎవరూ లేరా?

ఎందుకు లేరు! హైదరాబాద్ వాడు సయ్యద్ నయీముద్దీన్. 1944లో పుట్టాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ నుంచి కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడింటికీ ఆడాడు. డిఫెండరే. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో అతని కెప్టెన్సీలోనే భారత్ జపాన్‌ని 1–0తో ఓడించి కాంస్యం తెచ్చింది. ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్‌కి వచ్చిన చివరి పతకం అదే. తర్వాత కోచ్ అయ్యాడు. 2005లో కరాచీలో శాఫ్ కప్ గెలిచిన జట్టుకి కోచ్ ఆయనే. ఆటగాడిగా అర్జున, కోచ్‌గా ద్రోణాచార్య, రెండూ ఆయనకున్నాయి. ఇంత చేసిన మనిషి పేరు మన పిల్లల్లో ఒక్కడికీ తెలియదు, రొనాల్డో కుక్క పేరు అడిగితే చెప్పేస్తారు.

ఆయన కంటే ముందు అదే హైదరాబాద్ నుంచి కోచ్ రహీమ్ సాబ్. ఆయన కింద ఆడిన పంజాబ్ డిఫెండర్ జర్నైల్ సింగ్ కథ ఇంకా గొప్పది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వెనక ఆడించడం కష్టమని రహీమ్ అతన్ని ఫార్వర్డ్‌గా దింపాడు. ఆ కుట్ల తలతోనే సెమీస్‌లో ఒకటి, కొరియాతో ఫైనల్లో ఒకటి కొట్టాడు. 2–1తో స్వర్ణం. తలకి కుట్లుంటే మీ వాణ్ణి మాత్రం దింపకండి, ఈ రోజుల్లో అది ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

మా అబ్బాయి పొట్టి. డిఫెండర్‌గా పనికొస్తాడా?

పదమూడు పద్నాలుగేళ్లకి ఎత్తు చూసి ఎవరినీ తేల్చేయలేం. సెంటర్ బ్యాక్‌కి ఎత్తు కలిసొస్తుంది, నిజమే. సైడ్ బ్యాక్‌కి పరుగు, ఊపిరి ఎక్కువ ముఖ్యం.

బరంపురం, పర్లాకిమిడి నుంచి పైకి వెళ్లే దారి ఏది?

దారి భువనేశ్వర్ మీదుగానే. బరంపురం నుంచి సుమారు 170 కిలోమీటర్లు, పొద్దున రైలెక్కితే ట్రయల్స్ చూసుకుని రాత్రికి ఇంటికి రావచ్చు. పర్లాకిమిడి, గుణుపురం వాళ్లకే కష్టం, నౌపడ మీదుగా మెయిన్ లైన్‌కి తిరిగి రావాలి. ముందు జిల్లా జట్టు, తర్వాత రాష్ట్ర జూనియర్ జట్లు, స్కూల్ గేమ్స్. భువనేశ్వర్‌లో ఏఐఎఫ్‌ఎఫ్, ఫిఫా కలిసి పెట్టిన అకాడమీ ఉంది. 2023 నవంబర్ 21న ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ మాజీ కోచ్ ఆర్సీన్ వెంగర్ వచ్చి ప్రారంభించాడు. అదే రోజు సాయంత్రం కళింగలో భారత్, ఖతార్ మ్యాచ్ కూడా జరిగింది (0–3, ఎక్కువ చెప్పించకండి).

కాగితాలు ముందే సరిచూసుకోండి. ఆట బాగున్నా ఇక్కడే ఆగిపోయేవాళ్లున్నారు. మన తెలుగిళ్లలో ఇంటిపేరు ముందు ఉంటుంది, బడి రిజిస్టర్‌లో చివరికి పోతుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా మారుతుంది, జనన ధృవీకరణ పత్రంలో అసలు పిల్లాడి పేరే ఉండదు. మూడూ ఒకేలా ఉండాలి. ఏడాది వయసు తగ్గించి రాయిస్తామనే వాళ్ల మాట వినకండి. దొరికితే నిషేధం పిల్లాడికే పడుతుంది. సెలెక్షన్ గ్యారంటీ అని ముందుగా డబ్బు అడిగినవాణ్ణి నమ్మొద్దు.

చదువు మానిపించాలా?

వద్దు. మోకాళ్ల సంగతి పైన చదివారు. లీగ్ సంగతి కూడా వినండి. ఏఐఎఫ్‌ఎఫ్‌కి, ఐఎస్‌ఎల్ నడిపే కంపెనీకి మధ్య ఒప్పందం గడువు తేలక 2025 జులైలో సీజన్‌నే ఆపేశారు. దేశంలోకెల్లా పెద్ద లీగ్‌లో ఆడేవాళ్లే జీతం వస్తుందో రాదో తెలియక కూర్చున్నారు. మన పిల్లాడికి చేతిలో ఇంకో పని ఉండాలి. రైల్వే, పోలీస్, సర్వీసెస్ జట్లలో స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలకీ చదువు అడుగుతారు.

అమ్మాయిలకి అవకాశం ఉందా?

ఒడిశాలో బాగానే ఉంది. 2023–24లో ఒడిశా ఎఫ్‌సీ అమ్మాయిల జట్టు ఇండియన్ వుమెన్స్ లీగ్ గెలిచింది. పంపించండి.

బూట్లు ఏవి కొనాలి?

వానాకాలం బురదకి స్టడ్స్ (అడుగున ఉండే బుడిపెలు) పొడవుగా, ఎండాకాలం గట్టి నేలకి పొట్టిగా. రెండు జతలు కొనలేకపోతే పొట్టివే కొనండి. పొడవు స్టడ్స్‌తో గట్టి నేల మీద తిరిగితే మోకాలికి ప్రమాదం. వచ్చే ఏడాదికి పనికొస్తాయని ఒక సైజు పెద్దవి మాత్రం కొనకండి.

డిఫెండర్ అవ్వాలనుకునేవాడు టీవీలో మ్యాచ్ ఎలా చూడాలి?

బంతిని వదిలేసి ఒక సెంటర్ బ్యాక్‌నే చూడమనండి, పది నిమిషాలు చాలు. బంతి దూరంగా ఉన్నప్పుడు ఎటు చూస్తున్నాడు, పక్కవాడికి చేత్తో ఏం చూపిస్తున్నాడు, ఎప్పుడు ముందుకి అడుగేస్తున్నాడు. టీవీ కెమెరా బంతి వెంటే పోతుంది కాబట్టి చాలాసార్లు అతను తెరలోంచి వెళ్లిపోతాడు. అందుకే వీలైతే కళింగకి తీసుకెళ్లి గోల్ వెనక స్టాండ్‌లో కూర్చోబెట్టండి. అక్కడి నుంచి లైన్ మొత్తం కనిపిస్తుంది, ఎవడు ఏమంటున్నాడో కూడా సగం వినబడుతుంది.